కథ ముగిసిన తరువాతి ప్రశ్న

(సంఘ వార్షికోత్సవ సాహిత్య సభయందలి ప్రసంగ పాఠము)



తెలుగు ఇండ్లలో పెరిగినవారికి బేతాళుని పరిచయము చేయ నక్కరలేదు. 1947 జూలైలో చందమామ పుట్టినది. ఆ పత్రికలో దశాబ్దముల తరబడి విక్రమార్కుడు చెట్టుమీది శవమును దించి భుజమున వేసికొని శ్మశానము వైపు నడచుచుండగా, శవములోని బేతాళుడు అతనికి శ్రమ తెలియకుండుటకై కథ చెప్పుచుండెను. కథ చివర ఒక ప్రశ్న. జవాబు తెలిసియు చెప్పకున్నచో తల పగులును. చెప్పినచో మౌనభంగమగును, బేతాళుడు మరల చెట్టెక్కును. చదివిన పిల్లలు అంతటితో ఊరకుండెడివారు కారు. రాజు చెప్పిన జవాబు న్యాయమా కాదా యని అన్నదమ్ములును అక్కచెల్లెండ్రును అన్నము చల్లారువరకు వాదించుకొనెడివారు.

అంతకు ముందే మధిర సుబ్బన్న దీక్షితులుగారి కాశీమజిలీ కథలలో మణిసిద్ధుడను యతి కాశికి పోవుచు ఒక గోపబాలుని తోడు తీసికొనెను. మజిలీ మజిలీకి ఒక కథ చెప్పవలెనను ఒడంబడిక మీదనే ఆ పిల్లవాడు ప్రయాణమునకు ఒప్పుకొనెను. మజిలీ చేరగానే వాడు ఊరు చూడబోయి, ఏదో వింత కనిపెట్టి వచ్చి, దాని సంగతి చెప్పుమని పట్టుపట్టును. అడుగువాడు లేనిదే ఆ కథలు లేవు. కథను ఒంటరిగా విని మరచిపోవుట తెలుగువారి అలవాటు కాదు. కథ పిదప ప్రశ్న, ప్రశ్న పిదప వాదము వారి అలవాటు.

ఈనాటి ప్రసంగ విషయము అట్టి వాదమే. కాని వాదించువారు ఒకే అరుగు మీద కూర్చున్నవారు కారు. ఒకరు ఢిల్లీలోను, ఒకరు నాగపూరులోను, ఒకరు గౌహతిలోను, మరొకరు సముద్రముల కావలను ఉన్నవారు. వారు చదువు కథలును క్రొత్తవి. స్త్రీ స్త్రీని ప్రేమించుటయు, పురుషుడు పురుషుని ప్రేమించుటయు, ఆడ మగ అను రెండు గళ్ళలో ఇమడని మనుష్యులు కథానాయకులగుటయు ఈ నవలలలోని విశేషము. మాయలు, మంత్రములు, కల్పిత రాజ్యములు వీనికి రంగస్థలము. ఇంగ్లీషున వీనిని క్వియర్ ఫాంటసీ అందురు. ‘క్వియర్’ అను మాట ఒకప్పుడు వింతవాడు, చెడినవాడు అను తిట్టు. 1980ల చివరి నుండి ఆ తిట్టు పడినవారే దానిని తలవంచక తమ పేరుగా స్వీకరించిరి. తిట్టును పేరుగా చేసికొనుటకు ఎంత గుండెదిటవు కావలయునో ఊహింపుడు.

కేంద్ర ప్రభుత్వోద్యోగుల కుటుంబములకు దూరస్థుల గోష్ఠి ఎట్లు కుదురునో వేరుగా చెప్ప నక్కరలేదు. బదిలీ ఉత్తర్వు వచ్చిన నాడు సామాను లారీ కెక్కును. పుస్తకముల పెట్టె అన్నిటికంటె బరువు తూగును. స్నేహితులు మాత్రము వెనుక నిలిచిపోవుదురు. పిల్లలు పెద్దవారై మరొక దేశమునకు పోవుదురు. 2020లో మహమ్మారి కాలమున జనులు ఇండ్లలో బందీలై యుండగా, తెర మీద ముఖములు చూచుకొని మాటలాడు అలవాటు ఆఫీసు సమావేశములతో మొదలై చుట్టరికములకును పుస్తకములకును వ్యాపించెను. ఇట్టి పఠనగోష్ఠి నడచు పద్ధతి మిక్కిలి సులువు. నెలకొక పుస్తకము, ఎనిమిది మందియో పది మందియో చదువరులు, చదువవలసిన అధ్యాయములకు ముందే హద్దు, ఒక ఆదివారము కలయిక. ఢిల్లీలో సాయంత్రము ఏడు గంటలైనపుడు న్యూజెర్సీలో వేసవియందు ఉదయము తొమ్మిదిన్నర. ఇక్కడివారు రాత్రి వంటకు కూర తరుగుచు, అక్కడివారు కాఫీ గ్లాసు పట్టుకొని, ఒకే కథను గూర్చి మాటలాడవచ్చును. ఒకరు ఆ నెలకు బేతాళుని పాత్ర వహించి ప్రశ్న లడుగుదురు. అంతే.

అయితే ఇందరు చదువరులు చదువదగిన కథలు వేయి యుండగా ఈ కథలనే ఏల ఎన్నుకొనవలెను? దీనికి జవాబు చెప్పవలెనన్నచో, ఈ సాహిత్యము నడచిన దారిని కొంచెము చూడవలెను.

1969లో ఉర్సులా లె గ్విన్ అను అమెరికను రచయిత్రి ‘ది లెఫ్ట్ హ్యాండ్ ఆఫ్ డార్క్‌నెస్’ అను నవల ప్రకటించెను. నిక్కముగా చెప్పవలెనన్నచో అది మంత్రముల కథ కాదు, గ్రహాంతర యాన కథ. అయినను తరువాతి అద్భుత రచయితలు అనేకులు ఆ నవలకు ఋణపడినవారే. గెథెన్ అను మంచుగ్రహమునకు జెన్లీ ఐ అను రాయబారి పోవును. అక్కడి మనుష్యులకు నెలలో కొన్ని దినములు తప్ప స్త్రీత్వమో పురుషత్వమో లేదు; ఆ దినములలో ఎవరు ఏ రూపు దాల్తురో ముందు తెలియదు. నలుగురు బిడ్డలకు తల్లియైనవారే మరి ఇద్దరికి తండ్రియు కావచ్చును. అట్టి లోకమున ‘ఆడుదానికి ఇంత తెలివియా’ అనువాడు గాని, ‘మగవాడవై యేడ్తువా’ అనువాడు గాని పుట్టడు. ఆ నవలకు నెబ్యులా, హ్యూగో అను రెండు పురస్కారములును లభించినవి.

ఆ రచయిత్రి చేసిన మరియొక పని గోష్ఠులన్నిటికి ఆదర్శము. ఆ నవలలో ఆమె గెథెను ప్రజలను ఇంగ్లీషు పుంలింగ సర్వనామముతోనే పేర్కొనెను. చదువరులు దీనిని తప్పుపట్టిరి. ఉభయరూపులని చెప్పి అందరిని మగవారిగానే చూపితివి గదా యనిరి. 1976లో ఆమె ఒక వ్యాసమున తన పక్షమును సమర్థించుకొనెను. పిదప పది సంవత్సరములు దాటిన తరువాత అదే వ్యాసమును మరల ముద్రించుచు, తన పూర్వాభిప్రాయమును చెరిపివేయక, దాని ప్రక్కనే తన మారిన మనస్సును వ్రాసి చేర్చెను. సర్వనామ విషయమున చదువరులదే న్యాయమనియు, ఆ లోకమున స్త్రీ పురుష సంయోగము తప్ప వేరొకటి లేనట్లు వ్రాయుట కారణము లేని కట్టడియనియు ఒప్పుకొనెను. పెద్ద రచయిత్రి చదువరుల మాట విని, తాను పొరపడితినని అచ్చులో చెప్పుట సామాన్యము కాదు.

ఈ ఘట్టమున తెలుగు చదువరికి ఒక చిత్రమైన సంగతి తోచును. హిందీలో ‘వెళ్ళుచున్నాను’ అని చెప్పవలెనన్న, చెప్పువారు ఆడో మగో క్రియలోనే తేలిపోవును. ఢిల్లీకి క్రొత్తగా వచ్చిన తెలుగువారు ఈ చోటనే తడబడి నవ్వులపాలగుదురు. తెలుగున ‘వెళ్ళుచున్నాను’ అన్న మాటకు లింగము లేదు. ‘వారు వచ్చిరి’ అన్నచో, వచ్చినది అత్తగారో మామగారో మాటను బట్టి తెలియదు. కాని తెలుగు వ్యాకరణమునకు వేరొక మచ్చ కలదు. ‘అతడు వచ్చుచున్నాడు’ అని మగవానికి ప్రత్యేక రూపమిచ్చి, ‘ఆమె వచ్చుచున్నది’ అని స్త్రీని బల్లతోను బండతోను జత చేసినది. బహువచనమున మాత్రము స్త్రీలను మనుష్యులలో చేర్చి ‘వచ్చుచున్నారు’ అనిపించినది. గెథెను ప్రజలను తెలుగు చేయువారు ‘వారు’ అను గౌరవ వాచకమును పట్టుకొన్నచో, ఇంగ్లీషు రచయిత్రిని ఇరువది యేండ్లు బాధించిన చిక్కు చాలవరకు తీరును. గౌరవించుటకు పుట్టిన మాటయే లింగమును అడుగని మాట యగుట తెలుగునకు ఒక భాగ్యము. పుస్తకములలోనే గాక, ఏ పేరుతో పిలువవలెనో తెలియని మనిషి ఎదురైనపుడును ఇది పనికి వచ్చును.

1989లో మెర్సిడెస్ లాకీ ‘మ్యాజిక్స్ పాన్’ అను నవల వ్రాసెను. వానియెల్ అను జమీందారు బిడ్డ తండ్రికి నచ్చడు. సంగీతము ప్రేమించు కొడుకును తండ్రి పనికిమాలినవాడని మేనత్త యొద్దకు పంపివేయును. ఆ నగరమున అతనికి తన హృదయము పురుషుని వైపే పోవునని తెలియును, ప్రేమ లభించును, లభించిన ప్రేమ ఘోరముగా నశించును. తరువాత అతడు రాజ్యమును కాపాడు మహా మాంత్రికుడగును. ఆనాటి యౌవనస్థులకు ఇది గొప్ప ఊరట. తమ వంటివాడు కథలో విదూషకుడుగా గాక వీరుడుగా నిలిచెను. అయినను ఆ వీరునికి సుఖము దక్కలేదు. ఈ లోటును గూర్చి చదువరులు ఈనాటికిని వాదింతురు. 1998లో గెలాక్టిక్ స్పెక్ట్రమ్ పురస్కారములు ఏర్పడి, ఇట్టి పాత్రలను సద్భావముతో చిత్రించిన అద్భుత, వైజ్ఞానిక రచనలను ప్రత్యేకముగా గౌరవింపసాగినవి.

ఇక ఉపఖండమునకు సంబంధించిన గ్రంథములు. 2021లో తాషా సూరి అను పంజాబీ మూలముగల బ్రిటిషు రచయిత్రి ‘ది జాస్మిన్ థ్రోన్’ వ్రాసెను. 2022లో దీనికి ప్రపంచ అద్భుత సాహిత్య పురస్కారము, అనగా వరల్డ్ ఫాంటసీ అవార్డు, ఉత్తమ నవలగా లభించినది. అదే సంవత్సరమున రెండవ భాగమును, 2024లో మూడవ భాగమును వెలువడినవి. శ్రీలంకకు చెందిన వజ్ర చంద్రశేఖర 2023లో ‘ది సెయింట్ ఆఫ్ బ్రైట్ డోర్స్’ వ్రాసి నెబ్యులా పొందెను. ఈ రెండవ నవలలో ఫెటర్ అను యువకుని తల్లి, తండ్రిని చంపుటకై అతనిని పెంచును. అతడు పెరిగి మహానగరము చేరి, విధి ఎన్నుకొని విడిచిపెట్టినవారి గోష్ఠిలో కూర్చుండును. అతనికి ఒక ప్రియుడు కలడు. ఆ సంగతి కథలో ఉప్పెన కాదు, రహస్యము కాదు, నేరము కాదు. ఇంటి అద్దె వలె, వీధి వలె ఉన్నది. 1989లో తండ్రి తిరస్కారమునకు కారణమైనది 2023లో కేవలము ఒకని జీవితమున ఒక భాగము.

ఇక్కడ అద్భుత కథ యొక్క శక్తి బయటపడును. వాస్తవిక నవల ఉన్న లోకమును ఉన్నట్లు చూపవలెను. ఇట్టి ప్రేమికులను గూర్చి వ్రాసినచో పోలీసువానిని, ఇరుగుపొరుగును, ఇంటి పరువును తప్పించుకొనలేదు. అద్భుత కథకుడు లోకమును తానే కట్టును. కొండలు, నదులు, దేవతలు, శిక్షాస్మృతి సర్వమును అతని చేతిలోనివే. ‘ఈ ప్రేమ నేరము కాని రాజ్యమున ఈ ఇద్దరు ఏమి చేయుదురు?’ అను ప్రశ్న అతడు అడుగగలడు. అపుడు చదువరి దృష్టి వారి లింగము మీద గాక, వారి మంచి చెడ్డల మీద, వారి లోభము మీద, వారి ధైర్యము మీద నిలుచును.

‘ది జాస్మిన్ థ్రోన్’ కథను కొంచెము విస్తరించి చూచుట మేలు. పారిజాతద్వీప మను సామ్రాజ్యమునకు చంద్ర అనువాడు చక్రవర్తి. పూర్వము కొందరు స్త్రీలు తమంతట తాము అగ్నిలో దిగి దేశమును యక్షుల నుండి కాపాడిరని ఆ రాజ్యమున పురాణము. చక్రవర్తి ఆ పురాణమును చూపి తన చెల్లెలు మాలినిని, ఆమె చెలికత్తెల నిద్దరిని చితి ఎక్కుమనును. చెలికత్తెలు దగ్ధమగుదురు. మాలిని ఎక్కనని నిలుచును. ఆమెను అహిరణ్య మను ఆక్రమిత దేశమునకు పంపి, హిరణ యను పాడుబడిన కొండగుడిలో బంధించి, మత్తు మందు పోయుచుందురు. ఆ గుడి మెట్లెక్కి ఊడ్చుటకు వచ్చు పనికత్తెలలో ప్రియ యను నామె కలదు. ప్రియ నిజముగా ఆ గుడిలో పెరిగిన బిడ్డ. తనతోటి పిల్లలను కాల్చి చంపినపుడు బ్రతికి బయటపడినది. ఆ గుడిలో మరుగున పడిన మహిమగల జలములను వెదకుట ఆమె కోరిక. దేశమున ఒక తెగులు వ్యాపించుచుండును. అది సోకినవారి దేహములనుండి ఆకులును కొమ్మలును మొలచును. రాజపుత్రికకు విడుదల కావలయును, పనికత్తెకు జలములు కావలయును. ఒకరినొకరు వాడుకొనుటతో మొదలైన పొత్తు ప్రేమగా మారును.

ఇట్టి కథ తెలుగువారి గోష్ఠిలోనికి వచ్చినచో ఏమగునో ఊహింపుడు. మొదటి ప్రశ్న చితిని గూర్చియే లేచును. ఏలయన, తెలుగు గ్రామములలో పేరంటాలు గుడులు కలవు. మునేటి ఒడ్డున పెనుగంచిప్రోలులో తిరుపతమ్మ తల్లి అగ్నిప్రవేశము చేసెనని చెప్పుకొని భక్తులు కొలిచెదరు. ఆ తల్లికి మ్రొక్కిన చేతులతోనే మాలిని కథ పట్టుకొన్న ఇల్లాలు ఒక్క క్షణము ఆగును. మ్రొక్కు వేరు, ఒకరిని చితి ఎక్కుమనుట వేరు అని తోచును. తమంతట తాము దిగినవారి కథను చెప్పి, దిగనివారిని త్రోయుట యెక్కడి ధర్మము? ఈ ప్రశ్నకు ప్రియకును మాలినికిని నడుమ గల ప్రేమతో ప్రత్యక్ష సంబంధము లేదు. కాని చితి ఎక్కనని నిలిచినదే, తరువాత ఎవరిని ప్రేమింపవలెనో తానే నిశ్చయించుకొనినది. ఈ రెండును ఒకే స్త్రీ పనులు.

రెండవ ప్రశ్న స్వార్థమును గూర్చినది. ఒకరినొకరు వాడుకొనుటతో మొదలైనది ప్రేమ అగునా? ఒక రాజపుత్రుడును ఒక పనికత్తెయు ఐనచో ఈ ప్రశ్న వచ్చునా? శకుంతల కథ మొదలు సినిమా కథలవరకు, పెద్దింటి అబ్బాయి పేదింటి అమ్మాయిని చూచినచో అది ప్రేమయేయని వెంటనే నమ్ముట పరిపాటి. ఇద్దరును స్త్రీలైనపుడే అనుమానము మొలచినచో, ఆ అనుమానము కథదా, చదువరిదా? బేతాళుడైనను ఇంతకంటె చక్కగా అడుగలేడు.

మూడవ ప్రశ్న భూమికను గూర్చి. ఆమెయు గుడి బిడ్డయే. ఆ రహస్యమును కడుపున దాచుకొని, సామ్రాజ్యము నియమించిన పాలకునికి భార్యయై, గర్భవతియై, అంతఃపురమును చక్కదిద్దుచు, నలుగురికి నీడనిచ్చుచుండును. చిన్నవారు ప్రియ తెగువను మెచ్చుకొందురు. పెద్దవారు, అందును ఇల్లు నడపినవారు, భూమికను విడువరు. ‘ఎదిరించుట ఒక్కటే ధైర్యమా? సంవత్సరముల తరబడి ముఖమున ఏమియు కనిపింపనీయక బ్రతుకుట ధైర్యము కాదా?’ అని అడుగుదురు. దీనికి జవాబుగా, అట్టి ధైర్యమునకు లోపల ఎంత ఖర్చగునో కూడ లెక్క వేయవలెనని మరొకరందురు.

ఈ చర్చలకు ఆక్షేపణలు లేకపోలేదు. మొదటిది, ఇది పరదేశపు సరుకు అనునది. గోదావరి సీమయందు ర్యాలిలో జగన్మోహినీ కేశవస్వామి కలడు. ఒకే శిల, ముందువైపు విష్ణువు, వెనుకవైపు మోహిని. కాకినాడ చెంత సర్పవరమున ఒక గుండమున మునిగి నారదుడు స్త్రీయై, సంసారము చేసి, అరువదిమంది బిడ్డలను కనెననియు, తెలుగు సంవత్సరముల పేర్లు వారివేయనియు స్థలపురాణము. మహాభారతమున శిఖండి ఆడబిడ్డయై పుట్టి, మగబిడ్డగా పెరిగి, పెండ్లియాడి, యక్షుని దయవలన పురుషుడాయెను. అయితే న్యాయముగా మాటలాడవలెను. రూపము మారుట వేరు, స్త్రీ స్త్రీగానే ఉండి స్త్రీని ప్రేమించుట వేరు. దేవుని లీలను చూపి నేటి మనుష్యుని జీవితమునకు సాక్ష్యమనుట తొందరపాటు. ఆ కథలు ఒక్కటి మాత్రము నిరూపించును: ఆడ మగల నడుమ గీత చెదరినంత మాత్రమున తెలుగువారి భక్తి గాని కల్పన గాని బెదరలేదు. 2000లో రూత్ వనిత, సలీం కిద్వాయి అను పండితులు భారతీయ వాఙ్మయములోని స్వలింగ ప్రేమ రచనలను ప్రాచీన కాలమునుండి సేకరించి గ్రంథముగా ప్రకటించిరి. దానిని చూచినవారు సరుకు పరదేశపుదని గట్టిగా చెప్పుటకు జంకుదురు.

రెండవ ఆక్షేపణ పిల్లలను గూర్చినది. ఇది త్రోసివేయదగినది కాదు. పైన చెప్పిన నవలలలో హింస కలదు, మరణము కలదు, పెద్దలకే తగిన ఘట్టములు కలవు. బేతాళ కథ చదివించిన చేతితో వీనిని పదేండ్ల బిడ్డకు ఈయరాదు. గోష్ఠి పెద్దలది. పుస్తకమున ఏమున్నదో ముందుగా ఒకరు చదివి చెప్పుట, ఇష్టము లేనివారు ఆ నెల ఊరకుండుట సభ్యమైన పద్ధతి. కాని హింసను బట్టి కాక, ఇద్దరు స్త్రీలు చేయి పట్టుకొనుటను బట్టియే పుస్తకమును దాచినచో, అది పిల్లల రక్షణ కాదు; పెద్దల జంకు.

మూడవ ఆక్షేపణ అన్నిటికంటె మెత్తనిది, అన్నిటికంటె కఠినమైనది. గోష్ఠిలో పదవీ విరమణ చేసిన ఒక పెద్దమనిషి కథను మెచ్చుకొనియే, ‘కథ బాగున్నది తల్లీ, కాని ఇట్టివారు మన ఇండ్లలో లేరు’ అనును. అన్నగారి కూతురు తెర మీదనే నవ్వి, ‘లేరని ఎట్లు తెలిసినది బాబాయిగారూ? చెప్పినవారు లేరని మాత్రమే గదా తెలిసినది’ అనును. ఇది ఊహించిన సంభాషణయే. కాని ఇట్టి మాట వినని కుటుంబము అరుదు.

ఇక్కడనే అసలు సంగతి. దూరస్థుల గోష్ఠిలో ఒకరో ఇద్దరో కెమెరా ఆపి, మైకు మూసి, కేవలము వినుచుందురు. వంట పనివలన కావచ్చును, జలుబువలన కావచ్చును, మాటలాడుట కిష్టము లేకపోవుటవలన కావచ్చును. కాని వారిలో ఒకరు ప్రియను గూర్చి కాక, తన తల్లి ప్రియను గూర్చి ఏమనునో వినుటకు కూర్చున్నవారు కావచ్చును. పిన్నిగారు నవ్వినారా? మామయ్యగారు ‘ఛీ’ అన్నారా? నాన్నగారు మాట మార్చినారా? కల్పిత రాజ్యములోని పనికత్తెను గూర్చి నేడు ఇంటివారు చెప్పు తీర్పే రేపు తనను గూర్చి చెప్పబోవు తీర్పు. ఆ తీర్పు విని అతడు లేక ఆమె చెప్పదలచినది చెప్పవచ్చును. లేదా మరి పది సంవత్సరములు చెప్పకుండవచ్చును. వేళాకోళముగా అన్న ఒక్క మాట ఒక బిడ్డను ఇంటికి దూరము చేయగలదు. పాత్రను గూర్చి చెప్పిన ఒక్క దయగల మాట ఆ బిడ్డ పండుగకు ఇంటికి వచ్చునట్లు చేయగలదు.

న్యాయస్థానములు తమ పని కొంత చేసినవి. 2014లో సుప్రీంకోర్టు ట్రాన్స్‌జెండరు వ్యక్తుల హక్కులను గుర్తించెను. 2018 సెప్టెంబరు 6వ తేదీన అయిదుగురు న్యాయమూర్తుల పీఠము, వయస్సు వచ్చినవారు పరస్పర సమ్మతితో ప్రేమించుట నేరము కాదని తీర్పు చెప్పి, 377వ సెక్షనును ఆ మేరకు కొట్టివేసెను. 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు, హిజ్రాలను అనుమానితులుగా చూచిన 1329 ఫసలీ నాటి నిజాము చట్టమును రద్దు చేసెను. అదే సంవత్సరము అక్టోబరు 17వ తేదీన స్వలింగ వివాహములకు గుర్తింపు నిచ్చుటకు సుప్రీంకోర్టు నిరాకరించెను. కాగా తీర్పులు కోర్టు గడప దాటి భోజనాల గదిలోనికి రావు. అక్కడ తీర్పు చెప్పువారు తల్లులు, తండ్రులు, అత్తలు, బాబాయిలు.

కావున గోష్ఠి నడపువారు కొన్ని కట్టుబాట్లు పాటింపవలెను. మాటలాడునది పాత్రలను గూర్చి. సభ్యుల జీవితములను గూర్చి కాదు. ‘నీవు ఈ పుస్తకము ఏల ఎన్నుకొంటివి?’ అని గుచ్చి అడుగరాదు. ఎవరైన తమంతట తాము చెప్పుకొన్నచో విని, ఆ మాటను అక్కడనే విడువవలెను. ప్రభుత్వ క్వార్టర్లలో గోడలు పలుచన. ఒక ఇంటి మాట సాయంత్రమునకు పార్కులో, మరునాటికి సెక్షనులో వినవచ్చును. ఫైలు మీది రహస్యమును కాపాడుట నేర్చినవారు మనిషి రహస్యమును కాపాడలేరా? కెమెరా తెరువుమని బలవంతపెట్టరాదు. పుస్తకము నచ్చనివారు నచ్చలేదని నిర్భయముగా చెప్పవలెను. కథ సాగదీసినదనియు, మంత్రముల వర్ణన విసుగు పుట్టించినదనియు చెప్పుట ఆ పాత్రలకు అవమానము కాదు. తక్కిన నవలల వలెనే వీనిని తూచుట వీనికి గౌరవము.

విక్రమార్కుడు శవమును మోయుచు ఎన్నిమారులు వెనుకకు నడచినను విసుగలేదు. ప్రశ్నకు జవాబు చెప్పినచో పని చెడునని తెలిసియు, న్యాయము తోచినపుడు అతడు మౌనము పట్టలేదు. పఠనగోష్ఠిలో కూర్చున్న తెలుగు కుటుంబమునకు అంత ప్రమాదము లేదు. ప్రియకును మాలినికిని నడుమ నున్నది ప్రేమయా కాదా అని ఒకరు అడుగుదురు. తెర మీద పది గళ్ళలో తొమ్మిది ముఖములు కనిపించుచుండును. పదవ గడి చీకటిగా నుండును. దాని వెనుక ఎవరో ఊపిరి బిగబట్టి వినుచుందురు. పెద్దలు జవాబు చెప్పునపుడు ఆ చీకటి గడిని మరువకుందురు గాక.